వేడికి దారి చూపించండి

నర్సీపట్నం వేసవి ఎట్లా ఉంటుందో ఆ ఊరి పిల్లలకు వేరే చెప్పనక్కరలేదు. అనకాపల్లి జిల్లాలో, తూర్పు కనుమల పాదాల దగ్గర ఉన్న ఊరది. ఒకవైపు మన్యం కొండలు, మరొకవైపు సముద్రం దాకా పరచుకున్న మైదానం. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నమయ్యేసరికి వీధులు నిర్మానుష్యమవుతాయి. కుక్కలు సైతం అరుగుల నీడ చూసుకుని పడుకుంటాయి.

అటువంటి వేళ ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చున్నవారికి ఒక వింత కనిపిస్తుంది. పొద్దున ఏడు గంటలకు చకచకా పనిచేసిన యంత్రం మధ్యాహ్నం రెండు గంటలకు నత్తలాగా నడుస్తుంది. పెట్టె లోపల ఫాను బుసలు కొడుతుంది. ఒక్కొక్కసారి తెర నల్లబడి, యంత్రం ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఆ సమయంలో మీ అక్క కాలేజీకి దరఖాస్తు నింపుతూ ఉండవచ్చు. ఆఖరు తేదీ కూడా అదేరోజు కావచ్చు. "ఇక ఇది పాతబడిపోయింది. కొత్తది కొనవలసిందే," అని పెద్దవాళ్ళు నిట్టూరుస్తారు.

కాని చాలాసార్లు ఆ యంత్రానికి ముసలితనమూ రాలేదు, జబ్బూ చెయ్యలేదు. దానికి ఊపిరాడటం లేదు, అంతే! పొద్దున బాగున్నది మధ్యాహ్నానికి ఎందుకు పాడయిందో, దాన్ని ఖర్చు లేకుండా ఎట్లా బాగుచెయ్యవచ్చునో ఇప్పుడు చూతాం.

కరెంటు ఏమయింది?

మిక్సీ కరెంటు తీసుకుని పప్పు రుబ్బుతుంది. మోటారు కరెంటు తీసుకుని నీళ్ళు తోడుతుంది. మరి కంప్యూటరు తీసుకున్న కరెంటు ఏమవుతుంది? అది లెక్కలు చేస్తుంది, బొమ్మలు చూపిస్తుంది, పాటలు పాడుతుంది. ఇంత చేసినా, తీసుకున్న కరెంటు దాదాపు అంతా చివరకు వేడిగానే మారుతుంది. మీ కంప్యూటరు పెట్టె 200 వాట్లు తీసుకుంటూ ఉంటే, ఆ గదిలో 200 వాట్ల కుంపటి రగులుతున్నట్టే లెక్క.

ఈ వేడిలో పెద్ద భాగం ప్రాసెసరు అనే చిన్న బిళ్ళ నుంచి వస్తుంది. పైకి కనిపించే దాని మూత మహా అయితే నాలుగు సెంటీమీటర్ల చదరం. అందులో కోట్లకొద్దీ మీటలు సెకనుకు కోట్లసార్లు వేస్తూ, ఆర్పుతూ ఉంటే వేడి పుట్టక ఏం చేస్తుంది? ఆ వేడి ఎక్కడికీ పోకపోతే బిళ్ళ కొద్ది సెకన్లలో మాడిపోవాలి. అందుకే దాన్ని తయారుచేసినవాళ్ళు ఒక కాపలా పెట్టారు. వేడి ఒక హద్దుకు చేరగానే ప్రాసెసరు తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. చాలా ప్రాసెసర్లలో ఈ హద్దు 100 డిగ్రీల సెంటీగ్రేడుకు అటూ ఇటూగా ఉంటుంది. అప్పటికీ వేడి తగ్గకపోతే యంత్రం పూర్తిగా ఆగిపోతుంది. మధ్యాహ్నపు నత్తనడకకు, తెర నల్లబడటానికి కారణం ఇదే. యంత్రం మొరాయించటం లేదు, ప్రాణం కాపాడుకుంటున్నది.

నాలుగు మజిలీలు

వేడిని నాశనం చెయ్యటం ఎవరి తరమూ కాదు. దాన్ని ఒకచోటునుంచి మరొకచోటికి పంపగలం, అంతే. పూర్వం కాశీకి నడిచి వెళ్ళే యాత్రికుడు మజిలీలు చేసుకుంటూ పోయినట్టు, ప్రాసెసరులో పుట్టిన వేడి కూడా నాలుగు మజిలీలు దాటి బయటపడాలి. బిళ్ళనుంచి లోహపు దిమ్మెకు; దిమ్మెనుంచి గాలికి; గాలితోపాటు పెట్టె బయటికి; ఆఖరున గదిలోనుంచి ఆరుబయటికి. ఏ ఒక్క మజిలీలో దారి మూసుకుపోయినా, వెనకనున్న వేడి అంతా పేరుకుంటుంది. కాబట్టి కంప్యూటరును చల్లబరచటమంటే పెద్ద ఫాను తెచ్చి బిగించటం కాదు. దారి ఎక్కడ మూసుకున్నదో కనిపెట్టి, అక్కడ తెరవటం.

మొదటి మజిలీ - బిళ్ళనుంచి దిమ్మెకు: ప్రాసెసరు మీద అల్యూమినియంతోనో రాగితోనో చేసిన దిమ్మె ఒకటి బిగించి ఉంటుంది. దాన్ని హీట్‌సింకు అంటారు. బిళ్ళ, దిమ్మె రెండూ కంటికి నున్నగానే కనిపిస్తాయి. కాని వాటి మధ్య సన్నని గుంటలు ఉంటాయి, ఆ గుంటల్లో గాలి చిక్కుకుంటుంది. కదలని గాలి వేడిని సరిగా పోనివ్వదు. చలికాలంలో కంబళి మనను వెచ్చగా ఉంచేది దాని పోగుల మధ్య చిక్కుకున్న గాలి వల్లనే గదా! ఆ గుంటలు పూడ్చటానికి మధ్యలో థర్మల్ పేస్టు అనే ముద్దను పలచగా పూస్తారు. కొన్నేళ్ళకు అది ఎండిపోయి పొడిబారుతుంది. అప్పుడు పాతది తుడిచేసి కొత్తది పూయాలి. ఇది చెయ్యి తిరిగినవాళ్ళు చెయ్యవలసిన పని.

రెండవ మజిలీ - దిమ్మెనుంచి గాలికి: పొగలు కక్కే అన్నం గిన్నెలోనే ఉంచితే గంటకు గాని చల్లారదు. పళ్ళెంలో పలచగా పరిస్తే అయిదు నిమిషాల్లో తినవచ్చు. గాలి తగిలే చోటు పెరిగితే వేడి త్వరగా పోతుంది. అందుకే లోహపు దిమ్మెను ఒక్క ముద్దగా చెయ్యకుండా పలచని రేకులుగా చేస్తారు. లెక్క చూడండి: ప్రాసెసరు మూత 16 చదరపు సెంటీమీటర్లు. పది సెంటీమీటర్ల చదరపు రేకులు 40 ఉన్నాయనుకుంటే, రెండు వైపులా కలిపి 8,000 చదరపు సెంటీమీటర్లు, అంటే 500 రెట్లు! నాలుగు వార్తాపత్రిక పుటలంత చోటును రెండు గుప్పిళ్ళలో పట్టే వస్తువులో ఇమిడ్చారన్నమాట. కాని ఆ రేకుల మధ్య దుమ్ము కూరుకుంటే ఇంత తెలివీ వృథా అవుతుంది. వంటింటి పక్కన పెట్టిన కంప్యూటరులో తాలింపు పొగ తాలూకు జిడ్డు కూడా చేరి, దుమ్మును మెత్తని గుడ్డలాగా అతికిస్తుంది.

మూడవ మజిలీ - పెట్టె బయటికి: అసలు కథంతా ఇక్కడే ఉన్నది. కాస్త వివరంగా చూడాలి.

సెకనుకు ఒక బిందె

200 వాట్ల వేడిని మోసుకుపోవటానికి ఎంత గాలి కావాలి? లోపలికి వచ్చిన గాలి పది డిగ్రీలు వేడెక్కి బయటికి పోతుందనుకుందాం. అప్పుడు సెకనుకు సుమారు 17 లీటర్ల గాలి కావాలి. అంటే ప్రతి సెకనుకూ ఒక పెద్ద బిందెడు గాలి లోపలికి రావాలి, ఒక బిందెడు బయటికి పోవాలి. గాలి చాలా తేలికైనది కనక ఇంత కావలసివస్తుంది. లీటరు నీరు కిలో బరువుంటుంది. లీటరు గాలి ఒక గ్రామూ చిల్లర. అంత తేలికైన కూలివాడు ఎక్కువ బరువు ఎట్లా మోస్తాడు? అందుకే కూలివాళ్ళు అనేకమంది కావాలి.

ఇప్పుడు దారిలో దుమ్ము పట్టి, బిందెడు కాస్తా అరబిందె అయిందనుకోండి. అంతే వేడిని సగం గాలి మొయ్యాలి. కనక గాలి పదికి బదులు ఇరవై డిగ్రీలు వేడెక్కుతుంది.

గాలి నడవాలంటే రెండు ద్వారాలు కావాలి: వచ్చేందుకు ఒకటి, పోయేందుకు ఒకటి. అనకాపల్లి ప్రాంతంలో బెల్లం వండే పొయ్యి చూసినవారికి ఈ సంగతి తెలుసు. ఎండిన చెరకు పిప్పిని ఒక మూతినుంచి వేస్తారు, గాలి కూడా అటే వస్తుంది. పొగ రెండవ కొసనుంచి పోతుంది. పొగ పోయే దారి మూస్తే, ఎంత పిప్పి వేసినా మంట లేవదు. కంప్యూటరు పెట్టెకూ ఇదే ధర్మం. సాధారణంగా గాలి ముందు వైపు కిందినుంచి రావాలి. వెనకవైపు పైనుంచి, లేదా నెత్తిమీదినుంచి పోవాలి.

"వేడిగాలి తనంతట తానే పైకి పోతుంది గదా, ఫాను ఎందుకు?" అని మీరడగవచ్చు. పోతుంది, నిజమే. ఎత్తయిన పెంకుటింట్లో, మండువా లోగిలిలో ఆ గుణమే ఇంటిని చల్లగా ఉంచుతుంది. కాని మూరెడు ఎత్తున్న పెట్టెలో ఆ తోపుడు చాలా బలహీనం. చిన్న ఫాను దాన్ని సులభంగా గెలుస్తుంది. కనక ఫానులను అది పోయే వైపుకే తిప్పి పెట్టటం మంచిది. అంతేగాని, దానిమీదనే భారం వెయ్యటానికి లేదు.

ఫాను గాలిని ఏ వైపు తోస్తుందో తెలుసుకోవటం సులభం. కొన్నిటికి చట్రం పక్కన బాణం గుర్తు ఉంటుంది. లేకపోతే, సాధారణంగా ఆకులు అడ్డం లేకుండా కనిపించే వైపునుంచి గాలి లోపలికి వచ్చి, ఆకులకు అడ్డంగా కమ్ములున్న వైపునుంచి బయటికి పోతుంది. ముందూ వెనకా ఉన్న రెండు ఫానులూ బయటికే తోస్తూ ఉంటే, గాలి సందుగొందుల్లోనుంచి దుమ్ముతోసహా లోపలికి దూరుతుంది. రెండూ ఎదురెదురుగా లోపలికే తోస్తూ ఉంటే, ఇరుకు సందులో ఎదురుపడ్డ రెండు బళ్ళలాగా అవుతుంది. ఒకటి లాగాలి, ఒకటి తొయ్యాలి. లోపలికి వచ్చే గాలి ఒక పాలు ఎక్కువగా ఉండి, ఆ దారికి సన్నని వల బిగించి ఉంటే ఇంకా మంచిది. దుమ్మంతా వలకే పట్టుకుంటుంది. కాని ఆ వలను అప్పుడప్పుడు దులపాలి సుమా! దుమ్ముపట్టిన వల మూసిన తలుపుతో సమానం.

ఇంకొక సంగతి. ముందు వైపు పూర్తిగా అద్దం బిగించి, రంగు దీపాలు పెట్టిన పెట్టెలు అంగడిలో చూడటానికి ముచ్చటగా ఉంటాయి. కొనేటప్పుడు ఆ అద్దం పక్కన గాలికి ఎంత సందు ఉన్నదో కూడా చూడండి. పెట్టె లోపల తీగలు చిక్కుపడి ముందు ఫానుకు అడ్డంగా వేలాడుతూ ఉంటే, వాటిని పక్కకు తీసి కట్టించండి. వెనకవైపు వాడని సందులకుండే రేకు మూతలు పారెయ్యకండి. అవి లేకపోతే, వెనక ఫాను దగ్గరలో ఉన్న చల్లగాలినే పీల్చి, మళ్ళీ అటే వదులుతుంది. లోపలి వేడిగాలి కదలకుండా కూర్చుంటుంది.

పక్క రేకు విప్పితే?

చాలామంది చేసే పని ఇది. యంత్రం వేడెక్కగానే పక్క రేకు ఊడదీసి, ఎదురుగా బల్ల ఫాను పెడతారు. పనిచేస్తుందా? కొంతసేపు చేస్తుంది, అబద్ధం కాదు. నిజానికి అదొక మంచి పరీక్ష కూడా. రేకు తియ్యగానే వేడి బాగా తగ్గిందీ అంటే, పెట్టెలో గాలి దారి మూసుకున్నదని రుజువయినట్టే. కాని దాన్నే మందుగా వాడుకోరాదు. వీధి దుమ్ము సరాసరి లోపలికి వస్తుంది. చీమలు వస్తాయి, బల్లి వస్తుంది. తమ్ముడి వేలు కూడా తిరిగే ఫాను దగ్గరికి వస్తుంది! పరీక్ష చేసి, దారి బాగుచేసి, రేకు బిగించెయ్యాలి.

నాలుగవ మజిలీ - గదిలోనుంచి ఆరుబయటికి: ఫాను గాలిని చల్లబరుస్తుందని మనం అనుకుంటాం. ఒక చిన్న ప్రయోగం చెయ్యండి. గది ఉష్ణోగ్రత చూపే థర్మామీటరును ఫాను కింద పది నిమిషాలు ఉంచండి. డిగ్రీలేమీ తగ్గవు. తరవాత దాని కొసకు తడి గుడ్డ చుట్టి చూడండి. ఇప్పుడు తగ్గుతుంది. మన ఒంటిమీద చెమట ఆరటం వల్ల మనకు చల్లగా ఉంటుంది. కంప్యూటరుకు చెమట పట్టదు. కనక దానిలో ఎన్ని ఫానులు బిగించినా, గదిలో గాలికంటే చల్లగా అది కాలేదు. తడి గుడ్డ ప్రయోగం థర్మామీటరుతోనే ఆపండి. కంప్యూటరు మీద తడి గుడ్డ వెయ్యరాదు. తుంపరలు చిమ్మే కూలరుకు ఎదురుగా కూడా దాన్ని ఉంచరాదు.

పెట్టెను గోడకు ఆనించి పెట్టినా, బల్ల కింది అరలో తలుపు మూసి పెట్టినా, అది వదిలిన వేడిగాలిని మళ్ళీ అదే పీలుస్తుంది. వెనక జానెడు, ముందు జానెడు ఖాళీ ఉంచండి. నేలమీది దుమ్ము తగలకుండా చిన్న పీట వెయ్యండి. పడమటి ఎండ పడే కిటికీ దగ్గరనుంచి జరపండి.

మజిలీల లెక్క

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రండి. పొద్దున బాగున్న యంత్రం మధ్యాహ్నం ఎందుకు ఆగింది? ఉదాహరణకు ఒక లెక్క వేద్దాం.

మధ్యాహ్నం గదిలో గాలి 38 డిగ్రీలు. శుభ్రంగా ఉన్న పెట్టెలో గాలి మరో పది డిగ్రీలు వేడెక్కుతుంది, 48. ప్రాసెసరు తన చుట్టూ ఉన్న గాలికంటే 40 డిగ్రీలు ఎక్కువగా ఉంటుందనుకుందాం; 88. హద్దు 100 కనక ఫరవాలేదు.

అదే పెట్టెలో దుమ్ము పట్టింది. గాలి సగమయింది కనక పదికి బదులు ఇరవై. రేకులు పూడుకున్నాయి కనక 40కి బదులు 45. మొత్తం 38, 20, 45 కలిపి 103. హద్దు దాటింది! యంత్రం నత్త అవుతుంది.

ఆ దుమ్ముపట్టిన పెట్టెనే పొద్దున నడిపారు. గదిలో 28 డిగ్రీలు. 28, 20, 45 కలిపితే 93. హద్దు లోపలనే ఉన్నది. చూశారా! జబ్బు పొద్దున కూడా ఉన్నది; పొద్దుటి చల్లదనం దాన్ని కప్పిపుచ్చింది. ఎండాకాలం జబ్బును పుట్టించలేదు, బయటపెట్టింది.

నర్సీపట్నంనుంచి చింతపల్లి వెళ్ళే ఘాట్ రోడ్డు మీద లంబసింగి ఉన్నది. దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న ఆ ఊళ్ళో చలికాలంలో మంచు చూడటానికి జనం విరగబడి వస్తారు. మన కంప్యూటరును అక్కడికి తీసుకుపోతే? మామూలుగా వెయ్యి మీటర్ల ఎత్తుకు పోతే గాలి ఆరేడు డిగ్రీలు చల్లబడుతుంది. కనక మన లెక్కలో మొదటి అంకె ఆరేడు తగ్గుతుంది. అయితే ఎత్తుకు పోయినకొద్దీ గాలి పలచబడుతుంది కూడాను. పలచని గాలి కాస్త తక్కువ వేడిని మోస్తుంది కనక మిగతా రెండు అంకెలు కొంచెం పెరుగుతాయి. ఆరేడు డిగ్రీలు కలిసివచ్చి, రెండు మూడు డిగ్రీలు నష్టపోతాం. మొత్తంమీద లాభమే. కాని కంప్యూటరు కోసం కొండెక్కి కాపురం పెట్టలేం గదా! దుమ్ము దులిపితే పదిహేను డిగ్రీలు కలిసివస్తున్నదని పై లెక్కే చెబుతున్నది. అంటే, ఈ లెక్కలో చీపురుకట్ట విలువ లంబసింగి కొండకంటే ఎక్కువ.

మీరే వైద్యులు

వైద్యుడు ముందు నాడి చూస్తాడు, తరవాతనే మందిస్తాడు. మీరూ అట్లాగే చెయ్యాలి. ఒక నోటు పుస్తకం తీసుకోండి. కంప్యూటరు ఒకే పనిని అరగంట చేసిన తరవాత మూడు అంకెలు రాయండి. ఒకటి, పెట్టె ముందు గాలి ఎంత వేడి. రెండు, వెనక ఫాను వదిలే గాలి ఎంత వేడి. మూడు, ప్రాసెసరు వేడి. మొదటి రెండిటినీ మామూలు థర్మామీటరుతో పెట్టె బయటనుంచే చూడవచ్చు; దాన్ని సందుల్లోకి దూర్చకండి. మూడవ అంకెను కంప్యూటరే చూపిస్తుంది, ఎక్కడ చూపిస్తుందో తెలిసినవారిని అడగండి.

వెనకవచ్చే గాలి సెగలాగా కొడుతూ, తక్కువగా వస్తున్నదా? మూడవ మజిలీలో దారి మూసుకున్నది. వలలు, సందులు, తీగలు, ఫానులు చూడాలి. వెనక గాలి ధారాళంగా, గోరువెచ్చగా వస్తున్నా ప్రాసెసరు మాత్రం మండిపోతున్నదా? అయితే వేడి గాలిదాకా రావటమే లేదు. దిమ్మె రేకులు పూడుకున్నాయో, దిమ్మె వదులయిందో, పేస్టు ఎండిందో చూడాలి. పెట్టె ముందున్న గాలే గదిలో గాలికంటే వేడిగా ఉన్నదా? పెట్టె తన ఊపిరి తానే పీలుస్తున్నది, చోటు మార్చాలి.

ఒకసారి ఒక్క మార్పే చెయ్యండి. వల దులిపి అంకెలు రాయండి. మరునాడు అదే వేళకు, గది వేడి అంతే ఉన్నప్పుడు, తీగలు సర్ది మళ్ళీ రాయండి. అన్నీ ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.

దుమ్ము దులపటం పెద్దవాళ్ళ సమక్షంలోనే చెయ్యాలి. ముందు కంప్యూటరును పద్ధతిగా ఆపి, గోడ దగ్గర తీగ ఊడదీసి, పావుగంట ఆగాలి. పెట్టెను వరండాలోకి తీసుకుపోతే దుమ్ము ఇంట్లో పడదు. లోపల చెయ్యి పెట్టేముందు పెట్టె ఇనుప చట్రాన్ని ముట్టుకోవాలి. ఒంటిలోని స్థిర విద్యుత్తు దానిలోకి పోతుంది. పొడిగా ఉన్న మెత్తని రంగు కుంచె చాలు. గాలి ఊదేటప్పుడు ఫాను ఆకులను వేలితో పట్టుకుని ఉండాలి. లేకపోతే అవి గిరగిరా అతివేగంగా తిరిగి పాడవుతాయి. నోటితో ఊదకండి, తడి పడుతుంది. కరెంటు తీగ వచ్చి కలిసే ఇనుప పెట్టెను ఎస్ఎంపీఎస్ అంటారు. దాన్ని ఎన్నడూ విప్పరాదు. తీగ ఊడదీసిన తరవాత కూడా అందులో ప్రమాదకరమైన విద్యుత్తు నిలవ ఉండవచ్చు. దాని సందుల్లో దుమ్మును బయటనుంచే దులపాలి.

పెద్ద యంత్రాలకూ ఇదే బాధ

1946లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఎనియాక్ అనే కంప్యూటరును లోకానికి చూపించారు. దాదాపు 18,000 వాక్యూము ట్యూబులు, 30 టన్నుల బరువు. అది 150 కిలోవాట్ల కరెంటు తీసుకునేది. అంటే 150 ఇస్త్రీ పెట్టెలు ఒకేసారి వేసినంత వేడి! దాన్ని చల్లబరచటానికి పెద్ద పెద్ద గాలి యంత్రాలు పెట్టవలసివచ్చింది. 1967లో మన హైదరాబాదులో ఈసీఐఎల్ సంస్థ ఏర్పడి, 1969లో టీడీసీ-12 కంప్యూటరు వచ్చిన కాలంలో కంప్యూటరంటే ఎయిర్‌కండిషన్ గదిలో ఉండే వస్తువు. 1981లో ఐబీఎం పీసీ బల్లమీదికి వచ్చింది. అందులోని 8088 ప్రాసెసరుమీద ఫాను కాదుగదా, లోహపు దిమ్మె కూడా లేదు. పని పెరిగింది, వేగం పెరిగింది, వేడీ పెరిగింది. 1990ల్లో పెంటియం రోజులు వచ్చేసరికి ప్రాసెసరు నెత్తిన ఫాను మామూలయింది.

ఇక 2025 అక్టోబరులో గూగుల్ సంస్థ మన విశాఖపట్నంలో గిగావాట్ స్థాయి డేటా కేంద్రం కట్టబోతున్నట్టు ప్రకటించింది. గిగావాట్ అంటే వంద కోట్ల వాట్లు. మన 200 వాట్ల పెట్టెలు 50 లక్షలు ఒకచోట చేర్చినట్టు! అటువంటి చోట గాలి ఒక్కటే చాలదు. లీటరుకు లీటరు చూస్తే నీరు గాలికంటే మూడువేల రెట్లకు పైగా వేడిని మొయ్యగలదు. అందుకే పెద్ద కేంద్రాల్లో నీటినీ, ఇతర ద్రవాలనూ గొట్టాలలో నడిపిస్తారు. కాని ఎంతటి ఇంజనీరయినా వేసుకునే ప్రశ్న ఒక్కటే: వేడి ఎక్కడ పుట్టింది? ఎటు పోతున్నది? దారిలో ఎక్కడ ఆగింది?

ఆ ప్రశ్న వెయ్యటానికి గిగావాట్లు అక్కరలేదు. ఒక థర్మామీటరు, ఒక కుంచె, ఒక నోటు పుస్తకం ఉంటే చాలు. ఉగాది వెళ్ళి ఎండలు ముదరకముందే ఒక ఆదివారం పొద్దున ఈ పని పెట్టుకోండి. ఏటా వేసవికి ముందొకసారి, వర్షాలు వెలిశాక మరొకసారి చేస్తే, ఇంట్లో ఉన్న యంత్రమే మరికొన్నేళ్ళు మీతో నడుస్తుంది. కొత్తది కొనాలా వద్దా అన్న మాట, మీ పుస్తకంలో అంకెలు చూశాక పెద్దవాళ్ళతో మాట్లాడవచ్చు.